వాచికమూ కవిత్వమే

 

ముఖాముఖి ర్యాప్ పోటీలో గెలిపించేది రచనా, పలికే తీరా అన్న ప్రశ్నను ఈ బోయిగూడ సభ నిర్వాహకులు నా ముందు పెట్టారు. పేరు కొత్తదే కానీ ప్రశ్న మనకు పాతది. ర్యాప్ పిల్లలు ‘ఫ్లో’ అనేదాన్ని మన అవధాన సభలు ‘ధార’ అన్నాయి. మధ్యలో మాట మరిచి నిలిచిపోవడాన్ని వాళ్లు ‘చోక్’ అంటారు. ఆ గండం గట్టెక్కించే శక్తికి మనవాళ్లు పెట్టిన పేరు ‘ధారణ’. ఏకాగ్రత చెదరగొట్టే పనికి మన దగ్గర అవధానిని ప్రశ్నించే పృచ్ఛకుల్లో ఏకంగా ఒకడున్నాడు, అప్రస్తుత ప్రసంగి.

సవాలు విసరడమూ మనకు తెలిసిన విద్యే. తిరుపతి వేంకట కవులైన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి మీసాలు పెంచి, తమను గెలిచిన కవులుంటే ఆ మీసాలు తీసి మొక్కుతామని పద్యంలోనే ప్రకటించారు. కొప్పరపు సోదరులతో వారికి నడిచిన వివాదం గుంటూరు సీమను రెండు పక్షాలుగా చీల్చింది. కొప్పరపు వారి ఆశువేగం గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. వేగం వాచికానికి చెందిన గుణం. విన్నవాళ్లు ముగ్ధులయ్యారు. అయితే ఆ వేగంలో పుట్టిన వేల పద్యాల్లో మనకు నోటికి వచ్చేవి ఎన్ని? తిరుపతి వేంకట కవులు ఊరూరా నిలిచింది ఆశుకవిత వల్ల కాదు, పాండవోద్యోగ విజయాల వల్ల. ఆ నాటకాల్ని జనం పుస్తకం తెరిచి నేర్చుకోలేదు. పీసపాటి నరసింహమూర్తి వంటి కృష్ణ పాత్రధారుల గొంతులో విని నేర్చుకున్నారు. జాషువా శ్మశాన పద్యాలు అక్షరం రాని వాళ్లకు కూడా కంఠస్థం కావడానికి కారణం, హరిశ్చంద్ర నాటకంలో నటులు వాటిని తెచ్చి పాడటం.

గొంతు పద్యాన్ని మింగేసిన సందర్భాలూ లేకపోలేదు. చివరి అక్షరం పట్టుకుని రాగం సాగదీస్తుంటే, వన్స్ మోర్ కేకల మధ్య, రాయబారానికి ఎందుకు వచ్చిందో పాత్రకే గుర్తుండని రాత్రులు మన రంగస్థలం చూసింది. నటుడు బళ్లారి రాఘవ ఆ ధోరణికి ఎదురు నిలిచాడు. ఆయన పక్షానే నేనూ ఉన్నాను. హైదరాబాద్ ముషాయిరాల్లోనూ గజల్‌ను తరన్నుంలో పాడేవారూ ఉంటారు, తహత్‌లో మాటగా చెప్పేవారూ ఉంటారు. పాడిన షేర్‌లో పస లేకపోతే అక్కడి శ్రోత ముఖం చూసే తెలిసిపోతుంది.

పొద్దున ఇక్కడ జరిగిన కుర్రాళ్ల పోటీలో ఓడిన పిల్లవాడి కాగితం అడిగి తీసుకున్నాను. ఎనిమిది పాదాలు. రెండో అక్షరం ప్రాస ఒక్కచోటా తప్పలేదు. అవతలి అబ్బాయి పాదాలన్నీ ‘వస్తాను, నిలుస్తాను, గెలుస్తాను’ అని ముగిశాయి. అది వ్యాకరణం ఉచితంగా ఇచ్చే అంత్యప్రాస. ఒకే కాలంలో, ఒకే పురుషలో మన క్రియలన్నీ ఒకే తీరున ముగుస్తాయి కాబట్టి దానికి కష్టపడాల్సిన పని లేదు. అయినా చప్పట్లు అతనికే పడ్డాయి. ఈ పిల్లవాడిది సన్నగొంతు కాబట్టి ఓడిపోయాడని నా పక్కనున్న మిత్రుడు అన్నాడు. నేను ఒప్పుకోను. కాగితం మళ్లీ చూశాను. నాలుగో పాదంలో ఊపిరి తీసుకునే చోటు లేదు. దెబ్బ తగిలే మాట వాక్యం నడుమ ఇరుక్కుంది. జనం నవ్వేసరికి అయిదో పాదం మొదలైపోయింది, ఆ నవ్వులో కొట్టుకుపోయింది. లోపం గొంతులో లేదు, రచనలోనే ఉంది.

అవధాని పాదం చెప్పి, పృచ్ఛకుడు రాసుకునేందుకు మళ్లీ చెబుతాడు. శ్రోతకు రెండుసార్లు వినే భాగ్యం. ర్యాప్ పోటీలో చెవికి రెండో అవకాశం లేదు. కాబట్టి ఊపిరినీ విరామాన్నీ కూడా పద్యంలోనే కట్టుకోవాలి. ఇందుకు మన భాష అనుకూలమైనది. క్రియ వాక్యం చివర వస్తుంది, దెబ్బ అక్కడ వెయ్యవచ్చు. సంస్కృతంలో యతి అంటే విరామం, తెలుగులో అది అక్షరమైత్రి. అంటే చెవి దేనికోసం ఎదురుచూడాలో పాదమే ముందుగా చెబుతుంది. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం గల ద్విపదను పాల్కురికి సోమనాథుడు జనం పాడుకునేందుకే ఎంచుకున్నాడు. ఆ కొలతను తీన్‌మార్ దెబ్బ మీద నిలబెట్టి చూడమని ఇక్కడి యువకులను అడుగుతున్నాను.

బయటి దేశాల సంగతీ ఒక మాట. ఇప్పటి పెద్ద ర్యాప్ లీగుల్లో పోటీ చాలావరకు వాద్యం లేకుండా, ముందే రాసుకుని కంఠస్థం చేసిన పాదాలతో జరుగుతుంది. న్యూయార్క్ అల్టిమేట్ ర్యాప్ లీగ్ పోటీల్లో చాలావాటికి న్యాయనిర్ణేతలే ఉండరు. ఫిలిప్పీన్స్‌లో 1924లోనే కవులు ఎదురెదురుగా నిలబడి పద్యాల్లో వాదించుకునే బలగ్‌తాసన్ మొదలైంది. 2010లో అక్కడ పుట్టిన ఫ్లిప్‌టాప్ ర్యాప్ పోటీలు ఎక్కువగా సొంత భాషల్లో జరుగుతాయి, వాటిని లక్షలమంది చూస్తారు. అవధానం ఉన్న జాతికి అలాంటి వేదిక లేకపోవడం నాకు బాధగా ఉంది.

బోయిగూడలో మాట్లాడేవాడికి నిశ్శబ్దం దొరకదు. ఒకవైపు స్టేషన్ మైకు, మరోవైపు కలప డిపోల్లో రంపం. ఇక్కడ పెరిగిన పిల్లలకు ఏ మాటను ఎక్కడ ఎత్తితే వినపడుతుందో ఎవరూ నేర్పక్కర్లేదు. ఛందస్సు నేర్పే పెద్దలు వారానికి ఒక సాయంత్రం వీళ్లకు ఇవ్వాలి. పోటీల్లో రచనకు కొన్ని మార్కులు, గొంతుకు కొన్ని అని విడదీసి వేసే పద్ధతి మానాలి. పాదాలను అచ్చు వేసినప్పుడు, పలికిన గొంతును కూడా వాటితోపాటు భద్రపరచాలి.

పొద్దున ఓడిన ఆ పిల్లవాడు మధ్యాహ్నం భోజనం మాని నాలుగో పాదం తిరగరాసుకున్నాడు. దెబ్బ మాట ఇప్పుడు చివరికి వచ్చింది. సభవారి అనుమతితో అతన్ని వేదిక మీదికి పిలుస్తున్నాను. దయచేసి, ఎనిమిది పాదాలూ పూర్తయ్యేదాకా వినండి.