ఫిల్ము చుట్టలో ఉత్తరం

రాయపూర్, మహాసముంద్‌ల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలవారికీ, మనకు చోటిచ్చిన ఆరంగ్ పెద్దలకూ వందనాలు. యుద్ధకాలంలో కెమెరా పట్టినవాళ్ళనూ తపాలా సంచి మోసినవాళ్ళనూ తలచుకోవడానికి ఈ రోజు ఇక్కడ చేరాం.

ఈ ఊరి రైల్వే స్టేషన్ పేరు ఆరంగ్ మహానది. అక్కడి పట్టాలు ఏరు దాటి, కొండలు దాటి విజయనగరం చేరతాయి. 1930ల మొదట్లో పూర్తయిన ఆ దారే మనవాళ్ళను ఎందరినో ఇటు తెచ్చింది. దాని కొసకు దగ్గర్లో ఉన్న విశాఖపట్నం మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అంతకుముందే మన పల్లెల కుర్రాళ్ళు సముద్రాలు దాటి వెళ్ళారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచే రెండో ప్రపంచయుద్ధానికి వెయ్యిమందికి పైగా వెళ్ళారు. అందుకే అది మిలిటరీ మాధవరం. అలాంటి ఊళ్ళో పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినపడితే ఎన్ని గడపలు ఊపిరి బిగబట్టేవో ఊహించండి.

మన సైనిక తపాలా చరిత్ర చాలా పాతది. 1856లో పర్షియా దండయాత్రకు వెళ్ళిన సేన వెంట తొలి యుద్ధరంగ తపాలా కార్యాలయం కదిలింది. 1914లో మన సిపాయిలు ఫ్రాన్సు వెళ్ళినప్పుడు, వాళ్ళ కోసం మామూలు స్టాంపుల మీదే ‘ఐ.ఇ.ఎఫ్.’ (ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్) అని అచ్చువేసి ఇచ్చారు. మరుసటి ఏడు గర్డ్‌వుడ్ అనే ఫొటోగ్రాఫర్ ఆ సిపాయిలను అక్కడే ఫొటోలు తీశాడు. కందకాల్లో ఉన్నవాళ్ళ ముఖాలు ఈనాడు మనకు తెలుస్తున్నాయంటే అందులో ఆ కెమెరా పుణ్యం ఉంది.

కెమెరా, తపాలా ఒక్కటైపోయింది రెండో యుద్ధంలో. విమానాల్లో చోటు తక్కువ, ఉత్తరాలు కొండలు. 1941లో కైరో నుంచి ఎయిర్‌గ్రాఫ్ మొదలైంది. మరుసటి ఏడు ఇండియాకూ వచ్చింది. సిపాయి ఒక ఫారం మీద, ఒకే పక్క, ముదురు సిరాతో పెద్ద అక్షరాల్లో రాసేవాడు. సెన్సారు చూశాక దాన్ని సన్నటి ఫిల్ము మీద ఫొటో తీసేవారు. ఉత్తరం మొత్తం గోరంత అయ్యేది. ఫిల్ము విమానమెక్కేది. చేరినచోట దాన్ని పెద్దదిగా కాగితం మీద వేసి, కిటికీ కవరులో పెట్టి ఇంటికి పంపేవారు. మామూలుగా 23 కిలోలు తూగే 1,600 ఉత్తరాలు ఇలా 150 గ్రాములకు దిగేవి. నాలుగేళ్ళలో ముప్పై కోట్లకు పైగా ఉత్తరాలు ఈ పద్ధతిలో చేరాయి.

ఇందులో నన్ను బాగా కదిలించే సంగతి ఒకటుంది. ఫిల్ము క్షేమంగా చేరిందన్న కబురు వచ్చేదాకా అసలు కాగితాలను పారేసేవారు కాదు. విమానం కూలితే వాటినే మళ్ళీ ఫొటో తీసి పంపేవారు. ఏ తల్లి ఉత్తరమూ దారిలో ఆగిపోకూడదని ముందే ఆలోచించిన పని అది.

ఆ పట్టింపు లేనిచోట ఏమవుతుందో కుల్వంత్ రాయ్ అనే ఫొటోగ్రాఫర్ కథ చెబుతుంది. ఆయన 1941లో ఇండియన్ ఎయిర్‌ఫోర్సులో చేరి ఆకాశం నుంచి ఫొటోలు తీశారు. ఆ తరువాత స్వాతంత్ర్యం వస్తున్న రోజుల దేశనాయకులను కెమెరాకెక్కించారు. 1958లో ప్రపంచయాత్రకు బయలుదేరి, తీసిన నెగెటివ్‌లను ఎప్పటికప్పుడు ఢిల్లీకి పోస్టు చేశారు. తిరిగొచ్చేసరికి అవి లేవు. చెత్తకుప్పల్లో కూడా వెతికారట. ఇంట్లో మిగిలిన పెట్టెలను మాత్రం, ఆయన పోయాక, ఆదిత్య ఆర్య అనే ఫొటోగ్రాఫర్ భద్రపరచి లోకానికి చూపించారు.

స్వతంత్ర భారతంలో 1972 మార్చి 1న సైనిక తపాలా సేవ ప్రత్యేక దళమైంది. దాని శిక్షణ కేంద్రం నాగపూర్ పక్కన కామ్టీలో ఉంది. ‘కేరాఫ్ 56 ఏ.పి.ఓ.’ అన్న సైనిక తపాలా చిరునామా ఈ సభలో ఎందరు అమ్మలు, వదినలు రాసి ఉంటారో! అందులో ఊరు ఉండదు, జిల్లా ఉండదు. కొడుకు మంచుకొండల మీద ఉన్నాడో ఎడారిలో ఉన్నాడో తెలియదు. అయినా ఉత్తరం అతని చేతికే చేరుతుంది.

యుద్ధరంగ తపాలా ముద్రలో గుండ్రటి గీత, మధ్యలో తేదీ, ఒక నంబరు ఉంటాయి. యుద్ధాల రోజుల్లో శత్రువుకు చోటు తెలియకూడదని ఊరి పేరుకు బదులు ఆ నంబరు కొట్టారు. ఏ నంబరు ఏ తేదీన ఎక్కడుందో కాలక్రమంలో పరిశోధకులు కూర్చి పెట్టారు. అంటే, ఆనాడు చోటును దాచిన అంకే ఈనాడు మీ తాతగారు ఎక్కడ నిలబడి ఆ ఉత్తరం రాశారో చెబుతుంది.

కాబట్టి మిమ్మల్ని ఒక్కటే వేడుకుంటున్నాను. ఇంటికి వెళ్ళాక పాత ట్రంకు పెట్టె తెరవండి. ఉత్తరం దాచి కవరు పారేయకండి. ముద్ర ఉండేది కవరు మీదే. యూనిఫాంలో ఉన్న ఫొటో కనబడితే, గుర్తుపట్టే పెద్దవాళ్ళు ఉండగానే, వెనక పెన్సిలుతో పేరు రాయించండి. ఫిల్ము చేరేదాకా అసలు కాగితాన్ని కాపాడిన ఆ తపాలావాళ్ళకు మనం చేయగల నివాళి అదే.