మన జ్ఞాపకం వీడియో రికార్డింగ్ కాదు!

"నా కళ్లారా చూశాను, నాకు బాగా గుర్తుంది" అని ఎంత ధీమాగా అంటామో కదా! ఆ ధీమా వల్ల ఒక మనిషి పదేళ్లు జైల్లో మగ్గాడు. ఆ సంగతికి వస్తాను. ముందు మన బ్రెయిన్ జ్ఞాపకాన్ని ఎలా దాచుకుంటుందో చూద్దాం.

ఏదైనా చూసినప్పుడు, విన్నప్పుడు కొన్ని న్యూరాన్లు కలిసి పనిచేస్తాయి. వాటి మధ్య కనెక్షన్లు గట్టిపడితే అది జ్ఞాపకంగా నిలుస్తుంది. దీనికి హిప్పోక్యాంపస్ అనే భాగం చాలా ముఖ్యం. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే అతనికి మూర్ఛ తగ్గాలని ఆపరేషన్ చేసి, రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తీసేశారు. చిన్నప్పటి సంగతులు గుర్తున్నాయి. కానీ కొత్తగా పరిచయమైన వాళ్లు కాసేపు బయటికెళ్లి వస్తే, మళ్లీ కొత్తవాళ్లే!

సరే, ఒకసారి సేవ్ అయిన జ్ఞాపకం ఇక మారదా? మారుతుంది! ఫోన్‌లో వీడియో వందసార్లు చూసినా అలాగే ఉంటుంది. జ్ఞాపకం అలా కాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ బ్రెయిన్ దాన్ని మళ్లీ కూర్చుకుంటుంది. ఆ టైంలో బయటి మాటలు కూడా అందులో కలిసిపోవచ్చు.

1974లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే సైకాలజిస్ట్, జాన్ పామర్ కలిసి స్టూడెంట్స్‌కి కారు యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించారు. "కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి?" అని కొందరిని, "బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని కొందరిని అడిగారు. వారం తర్వాత "పగిలిన గాజు చూశారా?" అంటే, మొదటి గుంపులో 50 మందిలో 7 మంది, రెండో గుంపులో 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన గాజే లేదు! ఒక్క మాట మారితే అంత తేడా.

ఇప్పుడు ఆ జైలు సంగతి. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక అమ్మాయిపై అత్యాచారం జరిగింది. వాడి ముఖం గుర్తుపెట్టుకోవాలని ఆమె అప్పుడే పట్టుదలగా చూసింది. తర్వాత పోలీసులు చూపించిన ఫొటోల్లో, ఆ తర్వాత వరసలో నిలబెట్టినవాళ్లలో రొనాల్డ్ కాటన్‌ని గుర్తుపట్టింది. "ఫొటోలో చూపించింది కూడా ఇతన్నే" అని పోలీసులు చెప్పాక నమ్మకం ఇంకా పెరిగింది. అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదురుగా నిలబెట్టినా గుర్తుపట్టలేకపోయింది! 1995లో డీఎన్ఏ టెస్ట్ వల్ల కాటన్ బయటికొచ్చాడు. గమనించండి, ఆమె అబద్ధం చెప్పలేదు. అప్పటికి ఆమె జ్ఞాపకంలో ఉన్న ముఖమే కాటన్‌ది.

అందుకే నేను చెప్పేది ఒకటే. మీరు ఏదైనా ముఖ్యమైన సంఘటన చూస్తే, ఎవరితోనూ చర్చించకముందే ఫోన్‌లో రాసుకోండి. ఎవరినైనా అడగాల్సి వస్తే "వాడే కదా కొట్టింది?" అనకండి, "ఏం జరిగింది?" అనండి. ఇంట్లో, ఫ్రెండ్స్ మధ్య "అలా జరగలేదు" అని గొడవొస్తే, ఎదుటివాళ్లు అబద్ధమాడుతున్నారని వెంటనే అనేయకండి. తప్పుగా గుర్తుండటం వేరు, అబద్ధం చెప్పడం వేరు.