నల్లని తెర, తెల్లని అక్షరములు



ఒక దసరాకు ముందు, రాత్రి పది గంటల వేళ, గద్వాలనుండి మా మేనకోడలు టెలిఫోను చేసినది. వారిది చీరల వ్యాపారము. మగ్గములకిచ్చిన నూలు, పట్టు లెక్కలు, నేతగాండ్రకు చెల్లవలసిన కూలి, అంచుల నమూనాలు, అన్నియు ఇంటి కంప్యూటరులోనే ఉన్నవి. "మామా, తెర నల్లగయ్యింది. తెల్ల అక్షరాలు తప్ప ఏం లేవు. అంతా పోయినట్టేనా?" అని అడిగినది. మరమ్మతు తెలిసిన ఒకరు ఫోనులోనే విని, అంతయు తుడిచివేసి క్రొత్తగా ఎక్కించవలెనని చెప్పినారట. తెల్లవారినచో నేతగాండ్రు కూలికి వచ్చెదరు. కాగితముపై చిట్టా లేదు.

"చివరి వరుసలో ఏమున్నదో చదువమ్మా" అన్నాను. "లాగిన్ అని ఉన్నది. పక్కన చిన్న గీత మిణుకు మిణుకుమంటున్నది" అన్నది. నాకు ప్రాణము కుదుటపడినది. పేరు అడుగుచున్న యంత్రము చచ్చినది కాదు, మేలుకొనియే ఉన్నది.

ఆ కంప్యూటరులో నున్నది లినక్సు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానిని ఆరంభించినాడు. అందలి పద్ధతులు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్సునుండి వచ్చినవి. ఆనాడు దానిని వాడువారికి సాధారణముగా తెరయు లేదు, మౌసును లేదు. టెలిప్రింటరువంటి యంత్రముపై అక్షరములు కొట్టి, బదులును కాగితముపై చదువుకొనెడివారు. ఆ టెలిటైపు పేరే కుదించుకొని 'టీటీవై' అను గుర్తుగా నేటికిని ఆ నల్లని తెరపై కనబడును.

గద్వాల చీరకు ఒడలు నూలు. అంచును కొంగును పట్టు. లినక్సు కూర్పును అట్టిదే. యంత్రమును నడపు కెర్నెలును, మన ఫైళ్లును ఒడలు. బొమ్మలు, కిటికీలు, బాణపుగుర్తు, ఇవి పట్టంచు. అంచు విడివడినంత మాత్రమున చీర చిరిగినదనరాదు.

ఇట్టి సమయమున చేయవలసిన పనులు వరుసగా చెప్పెదను. మొదట కంట్రోల్, ఆల్ట్ మీటలు రెండును అదిమిపట్టి, ఎఫ్ ఒకటి, ఎఫ్ రెండు, ఎఫ్ ఏడు మీటలను ఒక్కొక్కటిగా నొక్కి చూడవలెను. ఒక్కొక్కప్పుడు బొమ్మల తెర ప్రక్కనే దాగియుండును. లేనిచో పేరు, రహస్యపదము ఇచ్చి లోనికి పోవలెను. రహస్యపదము కొట్టునప్పుడు తెరపై చుక్కయైనను పడదు, అందుకు కలవరపడవలదు.

పిమ్మట డిస్కు నిండినదేమో చూడవలెను. 'డి, ఎఫ్' అను రెండు చిన్న అక్షరములు, ఖాళీ, అడ్డుగీత, 'హెచ్' కొట్టి ఎంటర్ నొక్కినచో ఏ భాగము ఎంత నిండినదో శాతములలో కనబడును. మా మేనకోడలు చదివినది: "నూరు, మామా!" దొంగ దొరికినాడు. డిస్కులో చోటు లేనిచో, బొమ్మల తెరను నిలుపు ప్రోగ్రాము తన చిన్న చిన్న కాగితములు వ్రాసుకొనలేక విరమించుకొనును.

డెబియన్, ఉబుంటు జాతి లినక్సులలో, తాజాపరచినప్పుడు దింపుకొన్న మూటలు ఒక్కొక్కప్పుడు లోపల మిగిలిపోవుచుండును. 'సుడో ఆప్ట్ క్లీన్' అను ఆజ్ఞ ఆ మూటలను మాత్రమే తీసివేయును. మన లెక్కలను ముట్టదు. ఆమె ఒక్కొక్క అక్షరమును పలుకుచు కొట్టినది. తరువాత యంత్రమును మరల ఆరంభింపజేసితిమి.

డిస్కులో చోటున్నను తెర రానిచో, 'సిస్టమ్‌సిటిఎల్ గెట్-డిఫాల్ట్' అని అడుగవలెను. 'మల్టీ-యూజర్' అను బదులు వచ్చినచో యంత్రము అక్షరముల తెరకే నియమింపబడినదని అర్థము. 'సెట్-డిఫాల్ట్' ఆజ్ఞతో 'గ్రాఫికల్.టార్గెట్' అని మార్చవచ్చును. క్రొత్త కెర్నెలు వచ్చిన మరునాడే తెర పోయినచో, బొమ్మలు చూపు డ్రైవరు దానితో పొసగలేదేమో! ఆరంభమున షిఫ్టు గాని ఎస్కేప్ గాని నొక్కి, పట్టికలో పాత కెర్నెలును ఎన్నుకొని చూడవలెను.

ఇవేవియు ఫలింపకున్నను తుడిచివేయుటకు తొందరపడరాదు. లినక్సు ఎక్కించిన పెన్‌డ్రైవుతో యంత్రమును నడపి, ఫైళ్లను వేరొక డిస్కునకు ఎత్తుకొనవచ్చును. డిస్కే చెడనిచో అవి అందు పదిలముగానే ఉండును. తుడిచిన పిమ్మట మాత్రము చింతించి ఫలము లేదు.

ఆ రాత్రి పదకొండున్నరకు గద్వాలలో బొమ్మల తెర వచ్చినది. "వచ్చింది మామా!" అన్న కేక నాకు ఇంకను చెవిలోనే ఉన్నది. పండుకొనుటకు ముందు ఆ చిట్టాను వేరొక డిస్కునకు ఎత్తించితిని. మరునాడు నేతగాండ్రకు కూలి లెక్క తప్పక ముట్టినది.

వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో, మీ యింటిలోనో ఒకనాడు ఈ నల్లని తెర ఎదురుకావచ్చును. అప్పుడు భయపడక, చివరి వరుసను చదువుడు. యంత్రము ఏమి అడుగుచున్నదో తెలిసినచో సగము మరమ్మతు అయినట్లే. అయితే లెక్కల నకలు మాత్రము ఈ రాత్రియే తీసిపెట్టుకొనుడు.

సెలవు.