దావోసు మంచులో ఒక వారము

దావోసు పేరు పత్రికలు చదువు పెద్దలకు క్రొత్తది కాదు. జనవరి వచ్చినదనగా మన రెండు రాష్ట్రముల ముఖ్యమంత్రులును మంత్రులును పెట్టుబడులను వెదకుచు ఆ యూరికి పోవుటయు, ఉన్నికోట్లు తొడిగి మంచులో నిలిచిన వారి బొమ్మలు అచ్చుపడుటయు చూచుచునే యున్నాము. 1971లో మొదలైన ప్రపంచ ఆర్థిక వేదిక సభలు దానికి కారణము. నేను ఈ పూట చెప్పబోవునది ఆ సభలను గూర్చి కాదు. మా చిన్నమ్మాయి, అల్లుడు జ్యూరిచ్ నగరమున ఉద్యోగములలో నున్నారు. పోయిన చలికాలమున వారును, పిల్లలిద్దరును, వారి వెంట ముసలివారము మేమిద్దరమును దావోసులో ఒక వారము గడపితిమి. వారము దినముల సెలవునకు నాలుగు నెలల ముందునుండి ఏర్పాట్లు జరిగినవి. పెండ్లి తలపెట్టిన ఇంటిలో కూడ అంత లెక్క నేను చూడలేదు.

ఆ యూరు స్విట్జర్లాండు దేశపు తూర్పు దిక్కున, ఆల్ప్సు పర్వతముల నడిమి లోయలో 1,560 మీటర్ల యెత్తున నున్నది. ఆటలకు పేరు పొందుటకు ముందు అది రోగుల ఊరు. 1853లో అచటికి వచ్చిన అలెగ్జాండరు స్పెంగ్లరు అను జర్మను వైద్యుడు ఆ లోయవారిలో క్షయ కానరాకుండుట గమనించెను. 1865 చలికాలమున మొదటి రోగులు గాలి మార్పునకై వచ్చిరి. మన తాతల నాడు మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమునకు బంధువులు ఏ యాశతో రోగులను కొనిపోయిరో, ఐరోపావారు దావోసునకు ఆ యాశతోనే పోయిరి. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిలు కూడ క్షయతో నున్న భార్యను తీసికొని అచటికి చేరినవాడే. అతడు 1894లో ఆ యూరి బ్రాంగరు సోదరుల వెంట స్కీలమీద కనుమ దాటి పొరుగున నున్న ఆరోసా గ్రామమునకు పోయి, ఆ ముచ్చట ఆంగ్ల పత్రికలో వ్రాసెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడి, పిదప ఇతరములైన మందులును వచ్చుటతో ఆరోగ్యాలయములకు పని తగ్గినది. 1900లో కట్టిన షాట్జాల్ప్ అను పెద్ద ఆరోగ్యాలయము నేడు హోటలు. రోగులు ఎండకు పరుండిన వసారాలలో ఇప్పుడు విహారమునకు వచ్చినవారు కాఫీ త్రాగుచున్నారు. అచట కూర్చున్నప్పుడు నా భార్య క్షయతో పోయిన తన మేనత్తను తలచుకొని చాలసేపు మాటాడలేదు.

స్కీలనగా కాళ్లకు తగిలించుకొను రెండు సన్నని పొడుగాటి పలకలు. వానిపై నిలిచి కొండవాలున జారుట ఆట. పూర్వము ఎంత జారవలెనో అంత కాలినడకను ఎక్కవలసి వచ్చెడిది. 1934లో దావోసునందే జారువారిని తాటికి తగిలించి పైకి లాగు యంత్రమును నెలకొల్పిరి. అంతకు మున్నే పార్సెన్ కొండపైకి రైలు వేసిరి. నేడు దానిపై వైస్‌ఫ్లూయోక్ అను చోటికి చేరవచ్చును. దాని యెత్తు 2,662 మీటర్లు. ఉదకమండలము పైనున్న దొడ్డబెట్ట కంటె అది కొలది మీటర్లే హెచ్చు గాని, ఆ హిమము ఇచట లేదు.

ఎప్పుడు పోవలెనన్నది మొదటి చిక్కు. క్రిస్మసు నాళ్లలో బస దొరకదు. జనవరిలో సభల వారమున దొరకినను మనబోటివారు భరింపలేరు. మార్చి నెలలో పగలు పెద్దది, మంచును లోతుగా నుండును, వెలలును కొంత దిగును. కాని పిల్లలకు బడి. కావున బడుల సెలవులు గల ఫిబ్రవరి వారమునే కుదుర్చుకొనవలసి వచ్చినది. బస శనివారము మొదలు శనివారము వరకు ఇచ్చుట అచటి వాడుక. వంటయిల్లుగల బసయే కావలెనని నా భార్య పట్టుపట్టినది. ఆ పట్టుదల ఎంత డబ్బు మిగిల్చినదో అల్లునకు హోటళ్లలోని ధరల పట్టిక చూచిన పిమ్మట గాని తెలియలేదు. తక్కువ యెత్తున నున్న ఊళ్లు చౌక. అయితే వేడిమి పెరిగిన ఈ కాలమున అట్టిచోట్ల మంచు పడునను నమ్మకము సన్నగిలినది. మంచు లేని మంచుసెలవు నీరు లేని పుష్కరము వంటిది గదా.

ఇచటినుండి పోవువారు మరువరాని దొకటి కలదు. షెంగెన్ వీసాకు కనీసము 30,000 యూరోల వైద్యభీమా చూపవలెను. అది చూపినంత మాత్రమున మంచుఆటలో విరిగిన కాలికి సొమ్ము వచ్చునని యెంచరాదు. ఆ కాగితములోని చిన్నయక్షరములు చదువవలెను. కొండమీదినుండి హెలికాప్టరులో దింపినచో దాని వ్యయము వేల ఫ్రాంకులు. నేను స్కీలు ముట్టనివాడనైనను, జారిపడుటకు స్కీలే కానక్కరలేదని చెప్పి అల్లుడు నాకును ఆ భీమా చేయించెను.

స్కీలును బూట్లును అద్దెకు దొరకును. పడినప్పుడు స్కీ కాలినుండి ఊడిపోవుటకు ఒక పట్టు కలదు. బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు కనుగొని అంగడివాడు దానిని బిగించును. మా అమ్మాయి తన బరువు రెండు కిలోలు తగ్గించి చెప్పగా మనుమరాలు అందరిలోను సరిదిద్దినది! నూలు బట్ట చెమటను పట్టి ఒంటిపై చల్లబడును గనుక లోపల ఉన్ని తొడుగవలెనట. ఆరుపదులు దాటిన దాక నూలే కట్టినవాడను, నాకది కష్టముగానే తోచినది. మంచుపై ఎండ కొట్టినచో కండ్లు చెడును. నల్లద్దములు లేక గడప దాటరాదు. జారనివారికి చదును చేసిన నడకబాటలు కలవు. మేమిద్దరమును వానిని బాగుగ వాడుకొంటిమి.

ఇక అసలు సంగతి. అచటి జారుబాటలకు రంగులున్నవి: నీలము సులువు, ఎరుపు నడిమి తరము, నలుపు కఠినము. ఆ బాటలను కాచువారున్నారు. ప్రమాదమని తోచినచో మూసివేయుదురు. ఆ హద్దు దాటి, ఎవరును త్రొక్కని మంచులో జారవలెనని నేర్పరులకు ఆశ. మా అల్లుడు నేర్పరి. అతని స్నేహితులు ముగ్గురును అంతే. ఏర్పాట్లు వ్రాసిన కాగితములో మా అమ్మాయి చివర ఒక వాక్యము చేర్చినది: ప్రమాదపు అంకె 3 ఉన్న దినమున హద్దు దాటరాదు.

మంచుచరియల ప్రమాదమును 1 మొదలు 5 వరకు అంకెలతో చలికాలమున సాయంకాలము 5 గంటలకును, ఉదయము 8 గంటలకును ప్రకటింతురు. ప్రకటించునది దావోసునందే యున్న మంచు పరిశోధనాలయము. పరిశోధకులు వైస్‌ఫ్లూయోక్ మీద 1936 నుండి ఈ పనిలో నున్నారు.

"మూడనగా అయిదింటికి నడుమ గదమ్మా, అంత భయమేల?" అని నేనడిగితిని.

"అందరును అట్లే అనుకొందురు, నాన్నగారూ. చనిపోవువారిలో ఎక్కువమంది మూడు ఉన్న దినముననే చనిపోవుచున్నారు" అన్నది.

కారణము తరువాత తెలిసికొంటిని. నాలుగు, అయిదు నాడు భయపడి ఎవరును పోరు. మూడు నాడు ఆకాశము నిర్మలముగా నుండవచ్చును, మంచు తెల్లగా పిలుచుచుండును. పాత మంచులో ఒక పొర పంచదార పలుకులవలె పట్టులేక యుండును. దానిపై గాలి తెచ్చి పోసిన క్రొత్త మంచు పలకవలె గట్టిపడును. ధాన్యపురాశిమీద తలుపురెక్క పరచినట్లనుకొనుడు. ముప్పది డిగ్రీలకు మించిన వాలున ఒక్క మనిషి బరువుతో అది విరిగి, వెడల్పుగా జారిపోవును. చిక్కుకొన్నవారిలో పదింట తొమ్మండుగురు తామో తమ తోడివారో కదలించిన మంచుక్రిందనే పడుచున్నారు. పది నిమిషములలో బయటికి తీసినచో చాలమంది బ్రదుకుదురు. అరగంట గడచినచో ఆశ మిక్కిలి తక్కువ. ఆ పది నిమిషములలో ఊరివారెవరును రాలేరు, ప్రక్కనున్నవాడే త్రవ్వవలెను. అందుకే హద్దు దాటువారు ఒకరి జాడ ఒకరికి తెలుపు యంత్రమును, పారను, పొడుగాటి కడ్డీని వెంట నుంచుకొందురు.

మంగళవారము రాత్రి గాలితో మంచు కురిసినది. బుధవారము తెల్లవారునప్పటికి ఆకాశము నీలము. అంకె 3. స్నేహితులు వాకిట నిలిచిరి. అల్లుడు బూట్లు బిగించుకొని, వంటయింటి గోడకు అంటించిన కాగితమువంక ఒకసారి, నావంక ఒకసారి చూచెను. మా అమ్మాయి పాలు కాచుచు వెనుకకు తిరుగలేదు. నేను మామగారిని గనుక వద్దనవచ్చును. కాని ముప్పదియేడేండ్లవానిని స్నేహితుల యెదుట వద్దనుట ఎట్లు? నోరు మూసికొని కూర్చుంటిని. అంత పిరికితనము నా కెన్నడును కలుగలేదు.

అతడు వాకిలికి పోయి, "మీరు పొండి, నేను పిల్లలతో ఎర్రబాటకు పోయెదను" అనెను.

వారు నవ్వి వెడలిపోయిరి. సాయంకాలము క్షేమముగా తిరిగివచ్చి, నా భార్య కలిపిన పులిహోర తినుచు, ఆ మంచు ఎంత మెత్తగా నున్నదో వర్ణించి అతనిని ఆటపట్టించిరి. అతడును వారితో కలిసి నవ్వెను గాని, రెండవ మారు వడ్డించుకొనలేదు. ఆ రాత్రి మనుమరాలు తాను ఎర్రబాటలో తండ్రికంటె ముందు క్రిందికి దిగితినని పదిమార్లు చెప్పినది. కాగితము శనివారము వరకు గోడమీదనే యున్నది.