బండి కొందామా, బాడుగకు తీసుకుందామా?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మండలంలో కారం, పసుపు, పచ్చళ్ళు చేసే గ్రూపులన్నీ ఈ ఏడాది ఒకటే అడుగుతున్నాయి. సరుకు తోలుకోవడానికి సొంత బండి కొనుక్కుందామా, బాడుగ బండితోనే నడుపుకుందామా అని. రెండు గ్రూపులు బ్యాంకు అప్పుకు తీర్మానం రాసుకుని సిద్ధంగా ఉన్నాయి. పది సంతకాలు పడేముందు ఒకసారి లెక్క వేసి చూద్దామని అధ్యక్షురాలు గారు నన్ను మాట్లాడమన్నారు. నేను చదివింది పదో తరగతి. ఈ లెక్కకు అంత చదువు కూడా అక్కర్లేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

బండి కావాలనుకోవడంలో న్యాయం ఉంది. అమరావతి నుంచి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లు. పది కిలోల సంచి అయితే బస్సులో వేసుకుపోతాం. నాలుగు వందల కిలోల కారం, పచ్చడి సీసాల పెట్టెలు బస్సులో పోవు కదా. ఫిబ్రవరి వచ్చిందంటే ఊళ్ళో ఉన్న టాటా ఏస్‌లన్నీ టిక్కీలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకే పోతాయి. రైతుకు ఆ రోజు రేటు ముఖ్యం, బండాయనకు ఆ బాడుగ ముఖ్యం. మన పెట్టెలు అరుగు మీదే ఉంటాయి. షాపాయన ఫోన్ చేసి, "అమ్మా, మీ సరుకు రాలేదు, వేరేవాళ్ళది పెట్టుకున్నా" అంటాడు. ఆ బాధ ఈ హాలులో చాలామందికి తెలుసు.

దానికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ముద్ర లోను కిశోర్ కింద 5 లక్షల దాకా ఇస్తారు. ధర తగ్గింది, అప్పు దొరుకుతోంది, ఇంకా ఆలోచన ఎందుకు అంటున్నారు. ఆలోచన ఎందుకంటే, ధర ఒక్కసారే కడతాం, ఖర్చు మాత్రం నెలనెలా వస్తుంది.

మనకు కౌలు సంగతి తెలుసు. కౌలుకు చేసేవాళ్ళు పంట వచ్చినా రాకపోయినా కౌలు కట్టాలి. సొంత పొలం ఉంటే ఆ భయం లేదు. అందుకే 'ఏదైనా సొంతమే మేలు' అని మన మనసులో పడిపోయింది. కానీ బండి పొలం లాంటిది కాదు. పొలం కొంటే సాధారణంగా ధర పెరుగుతుంది. బండి షోరూం గేటు దాటిన రోజు నుంచే ధర తగ్గుతుంది. పొలం ఖాళీగా ఉంటే తిండి అడగదు. బండి ఇంటి ముందు నిలబడి ఉన్నా కిస్తీ, బీమా, డ్రైవరు జీతం అడుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఈ అంకెలు మా గ్రూపు వేసుకున్నవి. మీ ఊళ్ళో బాడుగ వేరుగా ఉంటే మీ అంకె పెట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

చిన్న ట్రక్కు రోడ్డు మీదకు రావడానికి ఆరున్నర లక్షలు అనుకుందాం. మన చేతి నుంచి లక్షన్నర, బ్యాంకు అప్పు 5 లక్షలు, ఐదేళ్ళు, తగ్గే బాకీ మీద 10 శాతం వడ్డీ. అప్పుడు నెలకు అయ్యే ఖర్చు ఇది.

కిస్తీ 10,625.
బీమా నెలకు పంచితే 2,500.
పన్ను, ఫిట్‌నెస్ 500.
టైర్లు, సర్వీసు, రిపేర్లకు పక్కన పెట్టేది 2,500.
డ్రైవరు జీతం 15,000.
మొత్తం 31,125 రూపాయలు.

ఇది బండి ఒక్క కిలోమీటరు తిరగకపోయినా అయ్యే ఖర్చు. గుంటూరు పోయిరావడానికి డీజిలు మరో 500. బాడుగ బండి అయితే అదే ట్రిప్పుకు 1,800 తీసుకుంటాడు. అంటే సొంత బండి మీద ఒక్కో ట్రిప్పుకు మనకు మిగిలేది 1,300. 31,125ని 1,300తో భాగించండి. 24 వస్తుంది. నెలకు 24 ట్రిప్పులు తిప్పితేనే సొంత బండి బాడుగతో సమానం అవుతుంది. లాభం 25వ ట్రిప్పు నుంచి మొదలు. మొదట పెట్టిన లక్షన్నర, ఐదేళ్ళ తర్వాత బండి అమ్మితే వచ్చే డబ్బు ఒకదానికొకటి సరిపోతాయనుకున్నాను.

మరి మనకు ఎన్ని ట్రిప్పులు ఉన్నాయి? మా గ్రూపుకు ఫిబ్రవరి నుంచి మే దాకా కొత్త మిర్చి, ఆవకాయ రోజులు కాబట్టి నెలకు 16. మిగతా ఎనిమిది నెలలు నెలకు 7. ఏడాదికి 120 ట్రిప్పులు. బాడుగకు అయితే 2,16,000 రూపాయలు. సొంత బండికి అయితే డీజిలుతో కలిపి 4,33,500. రెట్టింపు! ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తాం? పొదుపులో నుంచి తీయాలి, లేదా కారం కిలో మీద ధర పెంచాలి. ధర పెంచితే షాపాయన మన సీసా ముట్టుకోడు.

ఇక్కడ ఒక వదిన అడుగుతుంది, "డ్రైవరు ఎందుకు, మా ఆయన నడుపుతాడు" అని. నడపనివ్వండి. కానీ కూలి రాయకుండా వదిలేయకండి. ఆయన వేరే పనికి పోతే వచ్చే కూలి పోయినట్టే కదా. మన శ్రమను లెక్కలో రాయకపోవడం మనకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. రోజుకు 500 రాసినా ట్రిప్పు మీద మిగిలేది 800, సమానం కావడానికి 21 ట్రిప్పులు కావాలి. మనలో ఎవరైనా నేర్చుకుని నడిపితే నాకు ఇంకా సంతోషం. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది. ఆ అక్కకు కూడా కూలి రాయాల్సిందే.

ఇంకో మాట వడ్డీ గురించి. షోరూంలో కూర్చోబెట్టి "10 శాతమే అమ్మా" అంటారు. ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. 5 లక్షలకు ఫ్లాట్ 10 శాతం అంటే ఏడాదికి 50 వేలు, ఐదేళ్ళకు రెండున్నర లక్షలు. కిస్తీ 12,500 అవుతుంది. తగ్గే బాకీ మీద అయితే 10,625. నోటితో చెప్పేది ఒకటే పది శాతం, ఐదేళ్ళలో తేడా లక్షా 12 వేలు. ఫ్లాట్ 10 అంటే మన బ్యాంకు లెక్కలో 17 శాతం పైమాటే. శాతం అడగొద్దు, కిస్తీ ఎంత, ఎన్ని కిస్తీలు అని అడిగి గుణించుకోండి.

ఆర్సీ ఎవరి పేరు మీద? ఇది అందరికంటే ముందు తేల్చుకోవాలి. అప్పుకు పది మంది సంతకం పెట్టి, బండి ఒకళ్ళ ఇంటాయన పేరు మీద రాస్తే, రేపు మాట తేడా వచ్చిన రోజు బండి ఆయనది, బాకీ మనది. కిస్తీ తప్పితే బండి ఒక్కటే పోదు. పది మంది పేరు బ్యాంకులో పాడవుతుంది. పిల్ల చదువుకో, ఆసుపత్రికో అప్పు కావాల్సి వచ్చిన రోజు ఆ తలుపు మూసేస్తారు. అప్పు తీరాక బ్యాంకు నుంచి ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీ మీద బ్యాంకు పేరు కొట్టేయించుకునే దాకా పని పూర్తి కాలేదని గుర్తుంచుకోండి.

అయితే బాడుగే శాశ్వతమా? నేను అలా అనడం లేదు. మధ్యలో ఇంకో దారి ఉంది. అది నెల ఒప్పందం, బండికి కౌలు లాంటిది. డ్రైవరుతో సహా నెలకు 28,000కు బండి మాట్లాడుకున్నాం అనుకోండి, డీజిలు మనది. ఒక్క గ్రూపుకు 16 ట్రిప్పులే కాబట్టి గిట్టదు. పక్కపక్క ఊళ్ళ రెండు గ్రూపులు కలిస్తే 32 ట్రిప్పులు. పొద్దున ఒకరిది, మధ్యాహ్నం ఒకరిది. బాడుగకు అయితే 57,600. నెల ఒప్పందం అయితే డీజిలుతో కలిపి 44,000. నెలకు 13,600 మిగులు, నాలుగు నెలల సీజనుకు 54,400. అన్నిటికంటే ముఖ్యం, యార్డు తిరునాళ్ళలా ఉన్న రోజుల్లో కూడా ఆ బండి మన గుమ్మం ముందుకే వస్తుంది. జూన్ వచ్చాక ఒప్పందం అయిపోతుంది, ఖాళీ బండికి మనం జీతం పెట్టనక్కర్లేదు.

ఒప్పందం నోటిమాట మీద వద్దు, కాగితం మీద రాయించండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, డీజిలు ఎవరిది, బండి చెడిపోతే ఎన్ని గంటల్లో వేరే బండి పంపాలి, చలానా పడితే ఎవరు కట్టాలి, సీసాలు పగిలితే ఎవరి లెక్క, అన్నీ రాయాలి. నంబరు బోర్డు పసుపుదా చూడండి. తెల్ల బోర్డు బండి బాడుగకు తిరగకూడదు. బీమా, ఫిట్‌నెస్ కాగితాల నకళ్ళు తీసుకోండి. కొత్త సరుకు బండికి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి.

సొంత బండి అయినా, బాడుగ బండి అయినా ఒక్కటి చేతులెత్తి అడుగుతున్నాను. సరుకు బండి వెనక ఎక్కకండి. మిరపకాయల కోతలకు మన ఆడవాళ్ళు ట్రాలీల్లో నిలబడి పోవడం చూస్తూనే ఉన్నాం. వెనక ఊరికే ఎక్కిన మనిషికి ఆ బండి బీమా వర్తించదు. సరుకుతో వెళ్ళే మనిషి ముందు క్యాబిన్‌లో కూర్చోవాలి. చోటు లేకపోతే బస్సులో రావాలి.

కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో ఆజీవికా గ్రామీణ ఎక్స్‌ప్రెస్ యోజన మొదలుపెట్టింది. అది ప్రయాణికుల బండ్ల కోసం. అందులో రెండు దారులు పెట్టారు. సమాఖ్య నిధి నుంచి సభ్యురాలికి ఆరున్నర లక్షల దాకా వడ్డీ లేని అప్పు ఇచ్చి ఆమెనే కొనుక్కోమనడం ఒకటి. సమాఖ్యే బండి కొని సభ్యురాలికి లీజుకు ఇవ్వడం రెండోది. ఆ రెండో పద్ధతి మన సరుకు బండికీ పనికొస్తుంది. అయిదారు గ్రూపుల సరుకు కలిసి వానాకాలంలో కూడా నెలకు 24 ట్రిప్పులు దాటితే, సమాఖ్య పేరు మీద బండి కొందాం. మనలో ఒక అక్క దాన్ని లీజుకు తీసుకుని నడుపుతుంది. ఆ రోజు కొనమని మొదట చెయ్యి ఎత్తేది నేనే.

కాబట్టి సభ ముందు మూడు మాటలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి గ్రూపు ఈ నెల నుంచి ట్రిప్పుల పుస్తకం రాయాలి. తేదీ, ఎక్కడికి, ఎంత సరుకు, ఎంత బాడుగ, బండి రాక పోయిన ఆర్డరు ఎంత. రెండు, వచ్చే సీజనుకు పక్క ఊళ్ళ గ్రూపులు జతలుగా కలిసి నెల ఒప్పందం చేసుకోవాలి. మూడు, ఏడాది పుస్తకం చూడకుండా ఏ గ్రూపూ బండి అప్పుకు సంతకం పెట్టకూడదు. సిద్ధంగా ఉన్న రెండు గ్రూపుల అక్కలకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. మీ తీర్మానం చింపేయమనడం లేదు, బీరువాలో పెట్టమంటున్నాను. పుస్తకంలో 24 దాటితే దాన్నే బయటికి తీసి బ్యాంకుకు వెళదాం.

 లెక్కలో ఎక్కడైనా అనుమానం ఉంటే భోజనాల దగ్గర అడగండి, కాగితం, పెన్ను నా దగ్గర ఉన్నాయి.