వ్రేలిముద్ర వేయుటకు ముందు

క్రేను బరువు నెత్తుటకు ముందు గొలుసు బిగియును. అది జారకుండ పట్టుకొన్న చేయి, గొలుసునకును బరువునకును నడుమ చిక్కి నలుగును. అంతట ‘అజాగ్రత్త’ యను నింద గాయపడినవానిపైననే పడును.

గొలుసు జాగ్రత్త యెవరిదని మేమడుగుచున్నాము. ఎత్తుడు యంత్రములను, గొలుసులను కనీసము 12 నెలల కొకసారి నిపుణునిచే పరీక్షింపించి, మోయదగిన బరువును తెలుపవలయునని 1948 నాటి కర్మాగారముల చట్టమే శాసించినది.

ఇక పరిహారము. బొటనవ్రేలు పోయిన నూటికి 30 వంతులు, ఒకచేతి నాలుగు వ్రేళ్లును పోయిన 50 వంతులు సంపాదనాశక్తి నశించినట్లు 1923 నాటి చట్టము లెక్కకట్టినది. ఆ హక్కే 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరినది. ఇ.ఎస్.ఐ. బీమా గలవారికి ఆ సంస్థయే భత్యమిచ్చును. ఇది యజమాని దయ కాదు; కేవలము అజాగ్రత్త యను మాటతో తీసివేయదగినదియు కాదు. పరిహారపు హక్కును వదలుకొంటినని వ్రాసియిచ్చిన ఒడంబడిక చెల్లదు.

కావున ఆసుపత్రి మంచము చెంతకు వచ్చి, కొలది రూపాయలు చేతబెట్టి, కాగితముపై ముద్ర వేయుమన్నచో, మిగిలిన బొటనవ్రేలిని పిడికిట దాచుకొనుడు. ముందు మీ సంఘమునకు కబురంపుడు.