దివిసీమలో మసాజ్, నాలుగున్నర అడుగుల నీళ్ళలో ఈత

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, కెరీర్ సలహాలు లేవు. నేను అమ్మని తీసుకుని దివిసీమలో ఒక చిన్న హోటల్‌కి మసాజ్‌కి, ఈతకి వెళ్ళాను. అక్కడ ఏం జరిగిందో చెప్తాను. హోటల్ పేరు మాత్రం చెప్పను. ఇది ప్రమోషన్ కాదు, పైగా వాళ్ళ గురించి ఒక కంప్లైంట్ కూడా ఉంది.

ముందు మెడ సంగతి. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. మెడ పట్టేసేది, కుడి భుజం ఎప్పుడూ పైకి లేచి ఉండేది. ఉద్యోగం మానేస్తే తగ్గుతుంది అనుకున్నాను. ఉద్యోగం పోయింది కానీ నొప్పి పోలేదు. ఎందుకంటే వీడియో ఎడిటింగ్ కూడా అదే కుర్చీలో, అదే స్క్రీన్ ముందు కదా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. సరే, ఇద్దరం కలిసి వెళ్దాం అని బయల్దేరాం.

మాది గుడివాడ. అక్కడ్నుంచి బందరు. అంటే మచిలీపట్నమే, మా వైపు ఎవరూ మచిలీపట్నం అనరు. బందరులో ఆగి తొక్కుడు లడ్డు కొన్నాం. రోట్లో దంచి బెల్లం పాకంతో చేస్తారు కాబట్టి ఆ పేరు. తర్వాత చల్లపల్లి, మోపిదేవి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి ముందు అమ్మ కారు ఆపించింది. అదొక గంట. అక్కడ్నుంచి పులిగడ్డ. కృష్ణ అక్కడ రెండు పాయలుగా చీలుతుంది, ఆ పాయల మధ్య ఉన్న నేలే దివిసీమ. రెండు వైపులా నది, కింద సముద్రం, లోపలంతా కాలవలు.

ఇక్కడ నేను ఒక విషయం ఒప్పుకోవాలి. ఇన్ని నీళ్ళ మధ్య పుట్టి పెరిగాను, నాకు ఈత రాదు. ఇరవై ఎనిమిదేళ్ళు. మా తాతకి బారలీత, మునిగీత, వెల్లకిలా ఈత అన్నీ వచ్చు. నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని కాలవలో నేర్చుకున్నాడట. మా నాన్నకి వచ్చు. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ఎందుకంటే నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా క్లాస్ కుర్రాడు ఒకడు కాలవలో పోయాడు. వేసవి సెలవులు అయిపోయి, కాలవకి కొత్తగా నీళ్ళు వదిలిన రోజులు. ఆ రోజు నేనూ వెళ్ళాల్సింది. జ్వరం వచ్చి ఇంట్లో ఉన్నాను. ఆ సాయంత్రం నుంచి అమ్మ నన్ను కాలవ గట్టు ఎక్కనివ్వలేదు. కార్తీక పౌర్ణమికి మంగినపూడి బీచ్‌కి వెళ్తే సముద్రంలో మోకాలి లోతు వరకే, అదీ నా చెయ్యి తన చేతిలో ఉంటేనే.

మన కాలవ ఎందుకు ప్రమాదమో చాలామందికి తెలియదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక ఈ డెల్టా అంతా కాలవలు వచ్చాయి. ఇప్పుడు ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్ళు వదులుతారు. వేసవిలో నీళ్ళు ఆపేస్తారు కాబట్టి అడుగున గుంటలు కనిపిస్తాయి, పిల్లలకి లోతు తెలిసినట్టే ఉంటుంది. మళ్ళీ నీళ్ళు వచ్చాక పైకి నిదానంగా కనిపిస్తుంది కానీ కింద లాగుతుంది. గట్లు ఏటవాలు, నాచు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. అందులో నూటికి తొంభై మంది పైగా మనలాంటి దేశాల వాళ్ళే.

సరే, హోటల్‌కి వద్దాం. అవనిగడ్డకి కొంచెం అవతల, వరి చేల మధ్య. పది గదులు, వెనక కొబ్బరి చెట్లు, చిన్న స్విమ్మింగ్ పూల్. ఒక చివర మూడు అడుగులు, ఇంకో చివర నాలుగున్నర. మసాజ్‌కి రెండు గదులు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారు. అమ్మ ముందు సిగ్గుపడింది, తర్వాత గంటన్నర బయటికి రాలేదు.

నాకు చేసినాయన వయసు యాభై దాటి ఉంటుంది. నాగాయలంక వైపు మనిషి. కొన్నేళ్ళు కేరళలో పని నేర్చుకుని వచ్చాడు. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చాడు. మొదట అడిగింది, "అన్నం తిని ఎంతసేపయింది బాబూ?" అని. కడుపు నిండా తిని వస్తే చెయ్యడట. తర్వాత బీపీ ఉందా, ఎక్కడైనా దెబ్బలు తగిలాయా అని అడిగాడు. మీరు ఎక్కడికి వెళ్ళినా సరే, ఇవి అడగకుండా చెయ్యి వేసేవాళ్ళ దగ్గర పడుకోకండి.

నా కుడి చెయ్యి పైకి ఎత్తి, "వదిలెయ్యి బాబూ" అన్నాడు. వదిలాను అన్నాను. ఆయన తన చెయ్యి తీసేశాడు. నా చెయ్యి గాల్లోనే ఉంది! నేను వదల్లేదన్నమాట. వదిలాను అనుకుంటున్నానంతే. అలా నాలుగైదుసార్లు చేశాడు. ఎప్పటికో ఒకసారి చెయ్యి టప్పుమని బల్ల మీద పడింది. "ఆఁ, ఇప్పుడు" అన్నాడు. మెడకి ఏం చేశాడో నాకు పెద్దగా గుర్తులేదు, అది మాత్రం గుర్తుంది.

మాటల్లో ఈత రాదని చెప్పాను. "దివిసీమ నీళ్ళలోకి వచ్చి అదేం మాట" అని నవ్వాడు. "బాబాయ్, మీరు నేర్పిస్తారా?" అని అడిగాను. సాయంత్రం రమ్మన్నాడు. వెంటనే దిగొద్దన్నాడు. ఒంటికి నూనె ఉంటే మెట్ల మీద జారతాం, పూల్ నీళ్ళూ పాడవుతాయి. పైగా మసాజ్ తర్వాత కాసేపు తల తిరిగినట్టు ఉండొచ్చు. స్నానం చేసి, నీళ్ళు తాగి, ఒక గంట పడుకున్నాను.

సాయంత్రం ఐదింటికి పూల్ దగ్గరికి వెళ్ళాం. కాటన్ షార్ట్స్‌తో దిగనివ్వరు, నైలాన్‌వి అద్దెకిచ్చారు. అవి నాకు రెండు సైజులు పెద్దవి. ఆ ఫుటేజీ మీకు చూపించను. అమ్మ గట్టు మీద రెయిలింగ్ పట్టుకుని కూర్చుంది.

వెల్లకిలా తేలడం ముందు అన్నాడు. ఆర్కిమెడిస్ సూత్రం ఇంటర్‌లో ఎన్నిసార్లు రాశానో. మన ఒంటి సాంద్రత దాదాపు నీటి సాంద్రతంతే, ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే ఇంకొంచెం తక్కువ. అంటే తేలాలి. పేపర్ మీద తేలతాను. నీళ్ళలో మెడ బిగిసింది, తల పైకి లేచింది, నడుము కిందకి పోయింది, ముక్కులోకి నీళ్ళు పోయాయి. తల ఎత్తితే కాళ్ళు మునుగుతాయి, సింపుల్. అమ్మ లేచి నిలబడి, "చాలు, చాలు!" అని అరిచింది.

ఆయన కంగారుపడలేదు. అమ్మతో, "నా చేతుల మీదే ఉన్నాడమ్మా" అన్నాడు. నాతో మళ్ళీ అదే మాట. "వదిలెయ్యి బాబూ. పొద్దున చెయ్యి వదిలావు కదా, ఇప్పుడు తల వదిలెయ్యి. చెవులు మునగాలి. మునగనీ."

మధ్యలో అలిసిపోయి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆయన్ని అడిగాను, ఉప్పెనలో మీరు ఎక్కడ ఉన్నారని. ఉప్పెన అనగానే మనకి 2021లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. ఇక్కడి వాళ్ళకి అది 1977 నవంబరు 19. ఆ రోజు తుపానులో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది, దాదాపు 10,000 మంది చనిపోయారు. సొర్లగొంది లాంటి తీరం ఊళ్ళు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆయనకి అప్పుడు ఏడేళ్ళు. వాళ్ళ నాన్న పంచెతో తాటిచెట్టుకి కట్టేశాడట. తెల్లారేసరికి ఆయన ఉన్నాడు, చెల్లెలు లేదు.

"మీ నాన్నకి ఈత వచ్చా?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్న, నోటి నుంచి వచ్చేసింది.

"అందరికీ వచ్చు బాబూ. ఉప్పెనలో ఈత పనికిరాదు. ఈతొచ్చిన వాళ్ళూ పోయారు." కాసేపు ఆగి, "కాలవలో పనికొస్తది" అన్నాడు.

అమ్మ కూడా విన్నది. ఏమీ అనలేదు. రెయిలింగ్ వదిలి వచ్చి మెట్ల మీద, నా వెనకే కూర్చుంది. చీర అంచు తడిసింది.

తర్వాత మళ్ళీ పడుకున్నాను. చెవులు మునిగాయి. ఒక్కసారిగా బయట శబ్దం మొత్తం పోయింది, నా ఊపిరి మాత్రం వినిపిస్తోంది. పైన కొబ్బరాకులు. ఆయన చేతులు ఎప్పుడు తీశాడో నాకు తెలీదు. పదకొండు సెకన్లు. కెమెరాలో లెక్కపెట్టాను. తర్వాత భయం వేసి మళ్ళీ మునిగాను, అది వేరే సంగతి.

ఇంతకీ నా కంప్లైంట్. ఆ పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ లేడు. నాకు ఆయన దొరికాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరూ లేరు. కనీసం లోతు రాసిన బోర్డు కూడా లేదు, నాలుగున్నర అన్నది ఆయనే చెప్పాడు. వెళ్ళేముందు మేనేజర్‌కి చెప్పాను. "పెడతాం సార్" అన్నాడు. ఒక రింగ్, ఒక పొడవాటి కర్ర అయినా పెట్టమన్నాను. మీరు ఇలాంటి చోటికి పిల్లలతో వెళ్తే ముందు ఈ రెండూ చూడండి, గదిలో ఏసీ సంగతి తర్వాత. ఇంకోటి, నేను తేలింది కదలని నీళ్ళలో, పక్కన మనిషి ఉండగా. ఈ వీడియో చూసి హంసలదీవి వెళ్ళి నది సముద్రంలో కలిసే చోట దిగకండి. అక్కడ ప్రవాహం వేరు, బాగా ఈత వచ్చిన వాళ్ళే జాగ్రత్తపడతారు.

మెడ ఎలా ఉందని అడుగుతారు. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు ఎడిటింగ్‌కి కూర్చున్నాను, మళ్ళీ మొదలైంది. ఈసారి స్క్రీన్ ఎత్తు పెంచాను, చూడాలి. గుడివాడ నుంచి ఆదివారాలు వెళ్ళి ఆయన దగ్గరే ఈత పూర్తిగా నేర్చుకుందామని ఉంది. అమ్మని అడిగాను. "ముందు అన్నం తిను, చల్లారిపోతోంది" అంది. వద్దని అయితే అనలేదు.

ఆ పదకొండు సెకన్ల క్లిప్ ఇందులో ఉండదు. పెడదామనుకున్నాను, అమ్మ ఒప్పుకోలేదు. దిష్టి తగులుతుందట. తన ఫోన్‌లో మాత్రం ఉంది. పక్కింటి పిన్నిగారికి ఇప్పటికి మూడుసార్లు చూపించింది.

ఉంటానండి.